అడుగు పడగానే చెవికి తెలిసేలా: పరుగెత్తే కాలికి సౌండ్ పట్టీ, ప్రాజెక్టు డైరీ

నా మేనకోడలు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు లాంటి పరీక్షలకు, తయారవుతోంది. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని ఉంది. మేమూ అదే లెక్క పెట్టుకున్నాం. పోయినేడు ఎడమ కాలి ముందు ఎముక మీద నొప్పి వస్తే డాక్టరు మూడు వారాలు ఉరకొద్దన్నారు. మళ్లీ మొదలుపెట్టిన రోజు పీఈటీ సార్ గ్రౌండ్ అంచున నిలబడి విని, "ఎడమ కాలు దబ్బున పడుతున్నది" అన్నారు. సార్ రోజూ రారు. ఆయన చెవి చేసే పని ఒక చిన్న పట్టీ చేయగలదా అన్నదే ఈ ప్రాజెక్టు.

నాది నల్గొండలో మొబైల్ రిపేర్ షాపు. సోల్డరింగ్ వచ్చు, ఆర్డుయినో (చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులను నడిపే) కోడ్ చదివి మార్చుకోగలను. అంతవరకు వస్తే ఎవరైనా చేసుకోవచ్చు. నొప్పి ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోండి. ఈ పట్టీ దెబ్బ ఎంత గట్టిగా పడిందో చెబుతుంది, కాలి లోపల ఏముందో చెప్పదు.

దశ 1: కొలతే తప్పు (ఫిబ్రవరి)

సామాను (ధరలు రూపాయల్లో): చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు 450, కదలికను కొలిచే ఎంపీయూ6050 సెన్సార్ 180, బజర్ 20, బ్రెడ్‌బోర్డు, వైర్లు 150. సెన్సార్ కాలికి, బోర్డు నడుముకు, మధ్యలో 80 సెంటీమీటర్ల వైరు.

మొదటి రోజే మూడు తప్పులు బయటపడ్డాయి.

ఒకటి, ఆ వైరు. సెన్సార్, బోర్డు మాట్లాడుకునే ఐ2సీ లైను ఒకే బోర్డు మీద బెత్తెడు దూరం కోసం చేసింది. నిలబడి ఉంటే పని చేసింది, పరుగు మొదలైన పది, పదిహేను అడుగులకే ఆగిపోయింది. బోర్డు రీసెట్ చేస్తే తప్ప కదల్లేదు. వైరు మార్చినా అంతే. బోర్డును కూడా కాలి మీదికే తేవాలని అప్పుడే తేలింది.

రెండోది కనిపెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. నడిచినా, ఉరికినా, గట్టిగా దుమికినా పెద్ద అంకె ఒక్కటే: 2.0 జీ. జీ అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్లు అని. గ్రాఫు గీసి చూస్తే ప్రతి అడుగు తల నరికినట్టు బల్లపరుపుగా ఉంది. నేను వాడిన లైబ్రరీ, అంటే రెడీమేడ్ కోడ్, ఈ సెన్సార్‌ను 2 జీ రేంజిలో మొదలుపెడుతుంది, అంతకు మించింది కొలవదు. కాలి ఎముక దగ్గర మెల్లని పరుగులోనే అంతకు రెండు మూడింతలు వస్తుంది.

మూడోది నా చేతులారా చేసింది. గ్రాఫు గజిబిజిగా ఉందని సెన్సార్ లోపలి ఫిల్టరును 5 హెర్ట్జ్‌కు దించాను, అంటే సెకనుకు ఐదు ఊపుల కంటే వేగంగా మారేదాన్ని ఆపేలా పెట్టాను. గీత అందంగా వచ్చింది. రేంజి మార్చాక కూడా అంకె 2.3 జీయే రావడంతో కాలు మెత్తగానే పడుతోందని రెండు రోజులు నమ్మాను. అడుగు దెబ్బ వచ్చి పోయేది కొద్ది మిల్లీసెకన్లలోనే. ఆ ఫిల్టరు గజిబిజితో పాటు దెబ్బనూ మింగేసింది.

ఇప్పుడు వాడుతున్న సెట్టింగులు ఇవి. రిజిస్టర్ అంటే సెన్సార్ లోపల సెట్టింగు రాసే గడి. వాటి నంబర్లు మామూలు దశాంశ లెక్కలో ఇస్తున్నాను:

1. రిజిస్టర్ 107లో 0. సెన్సార్ నిద్రలో మొదలవుతుంది, ముందు లేపాలి.
2. రిజిస్టర్ 28లో 24. రేంజి 16 జీ అవుతుంది. వచ్చిన అంకెను 2048తో భాగిస్తే జీ.
3. రిజిస్టర్ 26లో 1. ఫిల్టరు 184 హెర్ట్జ్, ఆలస్యం 2 మిల్లీసెకన్లు.
4. రిజిస్టర్ 25లో 1. సెకనుకు 500 కొలతలు.
5. సెన్సార్‌ను బల్ల మీద ఆరు వైపులా తిప్పి పెట్టి చూడాలి. ప్రతి వైపు 1 జీ దగ్గర రావాలి. నాది ఒక వైపు 1.04 చూపించింది, దాన్ని కోడ్‌లో సరిచేశాను.

ఇవి మార్చాక అదే పిల్ల, అదే గ్రౌండు, అదే బూట్లు: సగటు 5.9 జీ.

ఇప్పటిదాకా ఖర్చు 800. పరుగు 3 కిలోమీటర్లు.

దశ 2: పట్టీ, టేపు (మార్చి మొదటి వారాలు)

సోమవారం 5.8, మంగళవారం 9.4, బుధవారం 10.7. కోడ్ ముట్టుకోలేదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూశాం. కాలు నేలకు తగిలాక పెట్టె ఎముక మీద ఒకసారి ఊగి మళ్లీ కొట్టుకుంటోంది. అంటే మేము కొలుస్తున్నది కాలిని కాదు, వదులు పట్టీని.

1. పిక్క మీద కట్టొద్దు. కండ అదురుతుంది. కాలి లోపలి వైపు చర్మం కిందే ఎముక తగిలే చోటు ఉంటుంది, అక్కడ కట్టాలి.
2. చీలమండ ఎముక పై నుంచి నాలుగు వేళ్లు కొలిచి, అక్కడ పెన్నుతో గీత. రోజూ అదే గీత.
3. టైలరింగ్ సామాను షాపులో 4 సెంటీమీటర్ల ఎలాస్టిక్, వెల్‌క్రో తీసుకున్నాం, 90 రూపాయలు. ఎలాస్టిక్ మీద రెండు చుక్కలు కుట్టించాను. ఆ రెండూ కలిసేదాకా లాగితే ప్రతిసారీ ఒకే బిగువు.
4. పెట్టె ఎంత తేలికైతే అంత మంచిది. మొదటిది 61 గ్రాములు. దశ 3లో చిన్న బోర్డుకు మారాక 24.

చుక్కలు కుట్టించాక వరుసగా ఐదు రోజులు 5.6 నుంచి 6.1 మధ్యలోనే వచ్చింది. మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నమ్మకం ఇచ్చిన పని ఈ రెండు దారపు చుక్కలే.

ఇదే వారంలో ఇంకో కొలత దెబ్బ కొట్టింది. మా ఊరి ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో మేమే సున్నం గీత వేసుకుని, ఒక రౌండు 400 అనుకుంటూ రెండు రౌండ్లకు టైమ్ చూస్తున్నాం. జనవరిలో ఒకరోజు 5:19 వచ్చింది. ఆ రోజు మా అక్క ఇంట్లో సేమియా పాయసం చేసింది. ఇప్పుడు 30 మీటర్ల టేపు పెట్టి కొలిస్తే రౌండు 386 మీటర్లు. రెండు రౌండ్లు 772. మిగతా 28 మీటర్లు కలిపి ఉరికిస్తే 5:31. పిల్ల ఏమీ అనలేదు, టేపు చుట్టి నా చేతికిచ్చింది. మీరు ఏ యంత్రమూ చేయకపోయినా సరే, ముందు మీ గ్రౌండు టేపుతో కొలుచుకోండి.

ఖర్చు 890. పరుగు 9 కిలోమీటర్లు. అసలు టైమ్ 5:31, నిమిషానికి 158 అడుగులు.

దశ 3: ఆలస్యం (మార్చి చివర)

సౌండ్ చెవిదాకా ఎలా పంపాలి? కాలికి బజర్ పెడితే గ్రౌండంతా వినబడింది. పొద్దున ఐదున్నరకు అక్కడ పదుల మంది ఉరుకుతుంటారు, అందరూ తిరిగి చూశారు. అది ఆమెకు నచ్చలేదు, నేను బలవంతం చేయలేదు. ఆమె దగ్గరే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఈఎస్‌పీ32 వాటికి నేరుగా సౌండ్ పంపగలదు. పది నిమిషాల్లో బీప్ వచ్చింది.

రెండు రోజులు ఉరికాక ఆమె అడిగింది: "మామా, పట్టీ ఎడమ కాలికి కట్టి కుడి కాలును ఎందుకు తప్పు పడుతున్నవ్?"

నాకు అర్థం కాలేదు. బోర్డు ఎడమ అడుగునే చూస్తోంది. ఆలస్యం ఎంతో కొలుద్దామనుకుంటే, అడుగు సరిగ్గా ఎప్పుడు పడిందో కూడా రికార్డు కావాలి. పాత సామాన్లలో ఆమె చిన్నప్పుడు డాన్స్‌కు కట్టిన గజ్జెలు దొరికాయి. నాలుగు మువ్వలు తెంపి పట్టీకి కుట్టాను.

1. కాలికి మువ్వలు, చెవిలో ఇయర్‌ఫోన్, దాని పక్కనే కాలర్ మైకు.
2. ఉన్నచోటే నిలబడి ఎడమ కాలు యాభై సార్లు గట్టిగా వేయాలి.
3. రికార్డింగును ఆడాసిటీలో (సౌండును గీతలుగా చూపే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరవాలి. మువ్వ గీత మొదలు నుంచి బీప్ గీత మొదలు దాకా ఎంతో చూడాలి.

యాభైకి సగటు 242 మిల్లీసెకన్లు. చిన్నది 225, పెద్దది 290.

నిమిషానికి 158 అడుగులంటే అడుగుకూ అడుగుకూ మధ్య 380 మిల్లీసెకన్లు. ఎడమ కాలు దెబ్బ 242 దగ్గర చెవికి చేరేసరికి ఆ కాలు నేల వదిలే పనిలో ఉంది, కుడి కాలు దిగడానికి వస్తోంది. బీప్ విని ఆమె జాగ్రత్త పడేది ఆ దిగే కాలుతోనే. రెండు రోజులు బాగున్న కుడి కాలును బిగబట్టి ఉరికించాను. ఇది చాలా ముఖ్యమైన విషయం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆలస్యమైన సౌండ్ ఊరికే పోదు, తప్పు కాలును పట్టుకుంటుంది.

మువ్వకు ఆలస్యం అనేదే లేదు. గజ్జె కట్టి ఆడేవాళ్లకు అడుగు తప్పితే చూసేవాళ్లకంటే ముందు వాళ్ల చెవికే తెలిసేది అందుకే. మాకు కావలసింది సరిగ్గా అదే, కాకపోతే తప్పు పడినప్పుడు మాత్రమే మోగే మువ్వ.

బ్లూటూత్ పక్కన పెట్టి ఈఎస్‌పీ-నౌ వాడాను. రెండు ఈఎస్‌పీ బోర్డులు రూటర్ లేకుండా చిన్న చిన్న సందేశాలు నేరుగా పంపుకునే పద్ధతి ఇది. కాలికి ఒక ఈఎస్‌పీ32-సీ3 చిన్న బోర్డు, టోపీ వెనక ఇంకొకటి, ఎడమ చెవి వెనక టోపీ అంచుకు పీజో బిళ్ల, అంటే కరెంటు ఇస్తే సౌండ్ చేసే పలచని బిళ్ల. చెవులు మూసుకుపోవు. రోడ్డు మీద ఉరికేవాళ్లకు ఇది ప్రాణం మీది విషయం, వెనక నుంచి వచ్చే లారీ హారన్ వినబడాలి.

మళ్లీ మువ్వల పరీక్ష: సగటు 14 మిల్లీసెకన్లు.

కొన్ని సందేశాలు మధ్యలో పోయాయి. ప్రతిదానికీ వరస నంబరు వేసి లెక్కపెట్టాను. 1000 పంపితే 943 అందాయి. కాలి బోర్డు యాంటెన్నా చర్మం వైపు ఉంది. మనిషి ఒళ్లు ఈ రేడియోను బాగా అడ్డుకుంటుంది. బోర్డు తిప్పి యాంటెన్నా బయటికి పెట్టాక 991.

సౌండ్ విషయంలో మూడు రోజులు పోయాయి. దెబ్బ పెరిగేకొద్దీ స్వరం పెరిగేలా చేస్తే రొప్పుతూ ఉరికే మనిషికి తేడా తెలియలేదు. బాగా పడినప్పుడు మోగేలా చేస్తే, ఆగినప్పుడు తప్పు చేసినందుకా, సందేశం పోయినందుకా అని అనుమానం. 1000 హెర్ట్జ్ గాలికి వినబడలేదు, 4000 చెవిలో గుచ్చింది. 2500 హెర్ట్జ్‌తో 30 మిల్లీసెకన్ల ఒక్క టిక్కు దగ్గర ఆగాం.

చిన్న బోర్డులు రెండు 600, పీజో బిళ్లలు 50. ఖర్చు 1540. పరుగు 17 కిలోమీటర్లు.

దశ 4: బ్యాటరీ, చెమట (ఏప్రిల్)

400 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీలు రెండు 440, టీపీ4056 చార్జింగ్ బోర్డులు రెండు 60. మూడో చార్జింగుకు ఒక బ్యాటరీ వేడెక్కి ఉబ్బింది. ఆ చార్జింగ్ బోర్డు 1 ఆంపియర్ ఇచ్చేలా వస్తుంది, ఇంత చిన్న బ్యాటరీకి అది రెండున్నర రెట్లు ఎక్కువ. బోర్డు మీద 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి 4.7 కిలో ఓమ్‌లది వేస్తే 255 మిల్లీఆంపియర్లకు దిగింది. ఇది చేయకుండా చార్జింగ్ పెట్టొద్దు. ఆడపిల్ల కాలికి కట్టే వస్తువు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు, గుచ్చొద్దు. కొత్తది 220.

ఏప్రిల్‌లో మా దగ్గర ఎండ తెలిసిందే. పొద్దున ఏడుకే పట్టీ పిండితే నీళ్లు కారేవి. పెట్టె అతుకులకు ఒక సిలికాన్ ట్యూబు, 120 రూపాయలు, పూశాను. తొమ్మిది రోజులకు సెన్సార్ పిచ్చి అంకెలు చూపింది. విప్పితే రాగి గీతల మీద ఆకుపచ్చ పొడి. చెమట లోపలికి పోయిందనుకున్నాను. కానీ చెమట చేరే వీలులేని మూల కూడా అలాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ వాసన. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రాగిని తింటుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే కొనాలి.

కొత్త సెన్సార్ 180, న్యూట్రల్ సిలికాన్ 260, హీట్ ష్రింక్ గొట్టం 60. సోల్డరింగ్ చేసిన చోట్ల రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు కూడా వేశాను, అది ఇంట్లోదే. అప్పటి నుంచి ఇబ్బంది లేదు. ఒక్క చార్జింగుకు టోపీ బోర్డు 3 గంటల 50 నిమిషాలు నడుస్తోంది.

ఖర్చు 2880. పరుగు 26 కిలోమీటర్లు.

దశ 5: ఎప్పుడు మోగాలి (మే, జూన్)

యంత్రం సరిగా పని చేయడం మొదలైన వారమే పరుగు చెడిపోయింది.

సగటు 5.9 కదా, తగ్గించాలని 5.0 దాటితే మోగేలా పెట్టాను. ఆ రోజు 800లో ఎడమ కాలు 463 సార్లు పడింది, 418 సార్లు మోగింది. టైమ్ 5:52. వీడియోలో భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, పిడికిళ్లు బిగుసుకుపోయాయి. "మిషన్ ఒప్పుకుంటదా లేదా అన్న టెన్షన్ తప్ప, ఉరుకుతున్న అన్న సోయి లేదు మామా" అంది.

ఆ సాయంత్రం కోడ్ తెరవలేదు. సార్ దగ్గరికి వెళ్లాం. ఆయన అడిగిన మొదటి మాట: "మోగితే పిల్ల ఏం చెయ్యాల్నో చెప్పినవా తమ్మీ?" చెప్పలేదు. తప్పు జరిగిందని మాత్రమే చెబుతున్నాం, ఏం మార్చాలో చెప్పడం లేదు. సార్ ఆమెను పక్కకు పిలిచి నడిపించి చూపించారు: "అంగ చిన్నగ వెయ్, జల్ది జల్ది వెయ్. కాలు ముందటికి చాపి పెట్టకు, నీ కిందనే పడాలె." అదే వేగంలో అడుగులు చిన్నవై, లెక్క కొంచెం పెరిగితే ఒక్కో అడుగు దెబ్బ తగ్గుతుంది. ఇది పరుగు మీద పరిశోధన చేసినవాళ్లు కూడా చెప్పేదే.

మార్పులు:

1. గీత, అంటే దాటితే తప్పుగా లెక్కించే అంకె, 6.2 జీ దగ్గర మొదలు. వారంలో మోత ఐదో వంతుకు తగ్గితేనే 0.2 కిందికి.
2. ఒక్క అడుగు దాటితే మోగదు. చివరి ఐదు ఎడమ అడుగుల్లో మూడు దాటితేనే టిక్కు. రాయి మీద పడిన ఒక్క అడుగుకు తిట్టు ఉండదు.
3. ఒక దెబ్బను రెండుగా లెక్కపెట్టకుండా, దెబ్బ పడ్డాక 300 మిల్లీసెకన్లు బోర్డు సెన్సార్ మాట వినదు.
4. వార్మప్‌లో, చివరి 100 మీటర్లలో బంద్. వేగం పెరిగితే దెబ్బ పెరుగుతుంది, అది తప్పు కాదు.
5. బూట్లు మారితే గీత మళ్లీ కొలవాలి. పాత కాన్వాస్ బూట్లు 5.9, కొత్తవి 5.4. ఈ తేడా బూటుది, పిల్లది కాదు. అందుకని కింది అంకెలన్నీ పాత బూట్లతోనే తీసినవి.

రెండు వారాలకు సౌండ్‌తో 5.3 వచ్చింది. సంతోషంగా సార్‌కు చూపిస్తే, "బంద్ చేసి ఉరికించు" అన్నారు. బంద్ చేస్తే 5.8.

అంటే కాలు నేర్చుకోలేదు, చెవి మీద ఆనుకుని నడుస్తోంది. ఈవెంట్స్ రోజు టోపీలో బిళ్ల పెట్టుకుని ఉరకనివ్వరు. ప్రతి ప్రయత్నానికీ తప్పొప్పులు చెబుతుంటే నేర్చుకునేవాళ్లు దాని మీదే ఆధారపడతారని, మెల్లగా తగ్గిస్తూ పోతే పని నిలుస్తుందని కదలికల శిక్షణ శాస్త్రంలో ఎప్పటి నుంచో ఉన్న మాట. నేను సార్ అడిగాక వెతికి చదివాను, ముందే చదవాల్సింది.

అప్పటి నుంచి:

1. మొదటి వారం: రౌండు విడిచి రౌండు సౌండ్.
2. రెండో వారం: మొదటి రౌండు మాత్రమే.
3. మూడో వారం: రోజు విడిచి రోజు, అదీ మొదటి 200 మీటర్లే.
4. నాలుగో వారం: పట్టీ కాలికే, టోపీ ఇంట్లో. కొలత మాత్రం రికార్డవుతుంది.

సౌండ్ లేకుండా వారం వారం సగటు: 5.8, 5.6, 5.5, 5.2. అడుగులు 158 నుంచి 167. రెండో వారంలో ఒకరోజు రౌండు మధ్యలో ఆగి, "ఇప్పుడు మోగాల్సింది కదా?" అని అడిగింది. రికార్డు తెరిచి చూశాను. టోపీ బంద్‌లో ఉన్న ఆ చోట వరుసగా నాలుగు అడుగులు గీత దాటి ఉన్నాయి.

ఖర్చు 2880, ఈ దశలో ఏమీ కొనలేదు. పరుగు 61 కిలోమీటర్లు.

ఇప్పుడున్న స్థితి

పోయిన ఆదివారం టేపుతో కొలిచిన 800 మీటర్లు: 5:23, సౌండ్ లేకుండా, పాత బూట్లతో. ఇంకా మూడు సెకన్లు కావాలి. ఈ నాలుగు వారాల్లో నొప్పి రాలేదు. అది పట్టీ వల్లా, సార్ వల్లా, మధ్యలో ఇచ్చిన విశ్రాంతి వల్లా అని ఒక్క మనిషిని చూసి నేను విడదీసి చెప్పలేను.

సార్ దగ్గరికి వచ్చే ఇంకో ఇద్దరు పిల్లలు అడిగారు. వాళ్లకు ఈ గీత పనికిరాదు, ఒక్కొక్కరిదీ రెండు రౌండ్లు ఉరికించి విడిగా కొలవాలి. కుడి కాలు ఎలా పడుతోందో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా కొలవలేదు. దానికి రెండో సెన్సార్ 180, ఇంకో చిన్న బోర్డు 300, బ్యాటరీ 220, చార్జింగ్ బోర్డు 30, మొత్తం 730. బుధవారం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి తెస్తాను. ఎలాస్టిక్ ఇంట్లో మిగిలే ఉంది, చుక్కలు మాత్రం ఆ కాలి చుట్టుకొలత చూసి కొత్తగా కుట్టించాలి.